కంప వేసిన గుమ్మం

జనవరి 24, 1955. ఆత్మకూరు.

ఊరికే పెట్టే భోజనం వెనక ఏదో ఒకటి ఉంటుందని మా నాయన అనేవాడు. ఇక్కడ రెండు పూటలా భోజనం, పైన బస్సు చార్జీలు. పని ఏమిటయ్యా అంటే, వారం రోజులు బొమ్మలు గీయాలి. ఉత్తర్వులో దాని పేరు ‘చిత్రలేఖనం ద్వారా బాలల మనోవికాస శిక్షణ’. ఉదయగిరి బడి నుంచి నేనే వెళ్లాలని హెడ్మాస్టరు మల్లికార్జునం తేల్చేశాడు. బడిలో మేమున్నది నలుగురం. నన్నే ఎందుకు ఎంచాడు? నేను లేని వారంలో ఏదో చక్కబెట్టుకోవాలని అతని ఎత్తు. సంగంలో కాలవ గట్టున హాయిగా పాఠాలు చెప్పుకుంటున్నవాణ్ణి ఆ రాళ్ల నేలకు బదిలీ చేయించిందీ ఇలాంటివాళ్లే. నా భార్య అయితే రానంటే రానని సంగంలోనే ఉండిపోయింది. ‘అనుమానం పెనుభూతం, దానితో కాపురం మీరే చేసుకోండి’ అన్నది.

నేర్పేది లిదియమ్మ అనే ఆవిడ. మిషను బడిలో పెరిగి మద్రాసులో చదువుకొని వచ్చిందట. యాభై ఏళ్లుంటాయి. తెల్లచీర, చేతికి గడియారం. ఎక్కువ మాట్లాడదు. వాగేవాళ్లను పసిగట్టడం తేలిక, ఇలాంటివాళ్లతోనే కష్టం.

జనవరి 25.

మీసాలున్న మాస్టర్లందరి చేతా ఇల్లు గీయించింది. అనంతసాగరం నుంచి వచ్చిన కామయ్య మాస్టారు మిద్దె గీసి, దాని మీద నెమలిని కూర్చోబెట్టాడు. ఆయనది పూరిల్లని అందరికీ తెలుసు. నేను సంగంలో మా ఇల్లు గీశాను, తలుపుకు తాళంతో సహా. ఆవిడ నా వెనక చాలాసేపు నిలబడింది. కామయ్య దగ్గర అంతసేపు నిలబడలేదు. ఏమీ అనలేదు. అనకపోవడమే నాకు నచ్చలేదు.

జనవరి 27.

ఇవాళ అసలు సంగతి బయటపడింది. పిల్లలు తమ బాధ, బెదురు, కోపం నోటితో చెప్పలేనప్పుడు చేత్తో చెబుతారట. తమ్ముడు పోయిన ఒక పిల్ల నెలల తరబడి ఒకే దూడను గీసిందట. ఒకరోజు తనే ఆ దూడ కథ చెప్పి, వెక్కి వెక్కి ఏడ్చి, ఆ తర్వాత కడుపునిండా అన్నం తిన్నదట. మనం చేయవలసిందల్లా కాగితం ఇచ్చి, బొగ్గు ఇచ్చి, పక్కన కూర్చోవడం. దిద్దకూడదు. బాగుందని గానీ బాగాలేదని గానీ అనకూడదు. ఇదేమిటని అడగకూడదు. ఇంకొకరికి చూపించకూడదు.

అడక్కుండా తెలిసేదెట్లా అని లేచి నిలబడి అడిగాను.

“తెలుసుకునేదానికి కాదు సార్ ఇది,” అన్నది లిదియమ్మ. “బిడ్డ చెప్పుకునేదానికి. బొమ్మ బిడ్డది. మీది కాదు, నాది కాదు. తనంతట తాను చెప్తే వినండి. చెప్పకపోతే ఊరికే కూర్చోండి.”

ఇంటింటి గుట్టూ పిల్లల చేత గీయించుకుంటూ, తెలుసుకోవడానికి కాదంటే నమ్మేందుకు నేను చెవిలో పువ్వు పెట్టుకొని రాలేదు. ఏ ఇంట్లో కష్టముందో తెలిస్తే చాలు, మిషను వాళ్లు ఆ ఇంటికి దారి వెతుక్కుంటారు. జీతం సర్కారుది, పని మరొకరిది.

జనవరి 29.

చివరి రోజు ఎవరి బొమ్మలు వాళ్లకు తిరిగి ఇచ్చేసింది. వెనక ఏమైనా గుర్తు పెట్టిందేమోనని నాది వెలుతురుకు పట్టి చూశాను. ఏమీ లేదు. అంటే వేరేచోట రాసుకుందన్నమాట.

ఫిబ్రవరి 1. ఉదయగిరి.

పిచ్చమ్మ పోసే పాలలో నీళ్లు ఎక్కువయ్యాయి. నేను ఊళ్లో లేని వారంలో చెయ్యి అలవాటు పడ్డట్టుంది. ఏం నేర్చుకొచ్చావు రంగనాథం అని మల్లికార్జునం అడిగి, నేను చెప్పేలోపలే నవ్వాడు. శుక్రవారం మధ్యాహ్నం నా మూడో తరగతికి బొమ్మల పీరియడు పెట్టమన్నాడు. ఇన్‌స్పెక్టరు వస్తే చూపించుకోవాలట.

ఫిబ్రవరి 4, శుక్రవారం.

పాత పరీక్ష కాగితాల వెనకవైపు, పొయ్యిలో బొగ్గులు, ఇటుక ముక్కలు, పసుపు, చిక్కుడాకు. పిల్లలకు పండగైపోయింది. మూతులకు పసుపు పూసుకున్నారు. అందరూ కొండ గీశారు, దాని మీద కోట గీశారు. మాలకొండి మాత్రం ఇల్లు గీసింది. పూరికప్పు, మట్టిగోడలు, పక్కన నీళ్ల కుండ, అన్నీ కుదురుగా ఉన్నాయి. గుమ్మం దగ్గరికి వచ్చేసరికి బొగ్గుతో అడ్డదిడ్డంగా బరికేసింది, కాగితం చిరిగేదాకా.

ఈ మాలకొండమ్మకు ఎనిమిదేళ్లు. దసరా దాకా ఎక్కాల్లో తరగతికంతా మొదటిది. తర్వాత ఏమైందో, నోరు మెదపదు. కూర్చున్నచోటే నిద్రపోతుంది. గంట కొట్టగానే ఇంటికి పరుగు తీస్తుంది. మొన్న ఒక పిల్ల మీ ఇంటికి వస్తానే అన్నందుకు దాని చెయ్యి కొరికింది. తల్లి శీనమ్మ, తండ్రి మస్తానయ్య మా సంగం వైపు మొలగొలుకుల వరి కోతలకు వెళ్లారు. ఏటా వెళ్తారు. ఇంట్లో అవ్వ ఓబమ్మ, ఈ పిల్ల, అంతే.

గుమ్మం అంత నలుపెందుకు? ఎవరినీ రానివ్వకూడనిది లోపల ఏదో ఉంది.

ఫిబ్రవరి 5.

పాలు ఇవాళ మరీ పలచన.

ఫిబ్రవరి 11.

మళ్లీ అదే ఇల్లు, అదే నలుపు. ఈసారి ఇంటి లోపల, గోడ వారగా, ముడుచుకున్న ఆకారం ఒకటి. మనిషో మూటో తెలియడం లేదు. ఇదేమిటే అని అడిగాను. కాగితం మీద రెండు చేతులూ కప్పేసింది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడం అంటే ఇదే. లిదియమ్మ అడగవద్దన్నది, కానీ లిదియమ్మ ఈ పిల్లను చూడలేదు కదా. పిల్లలందరూ వెళ్లాక ఆ బొమ్మను ఇంటికి తెచ్చుకున్నాను. పాడైపోకుండా ఉంటుందని.

ఫిబ్రవరి 13, ఆదివారం.

కొండ కింద గాలి మంచిదని అటు నడిచాను. నడిచిన దారిలోనే ఓబమ్మ ఇల్లు ఉన్నది. గుమ్మానికి అడ్డంగా రేగికంప వేసి ఉంది. అప్పుడు తెలిసింది, ఆ పిల్ల గీసింది పిచ్చిగీతలు కాదు, ఈ కంప. ఉన్నది ఉన్నట్టు గీసింది. నేను భయమనీ కోపమనీ లెక్కలు కడుతూ కూర్చున్నాను. మా సంగంలో ఇంటికి తాళం వేస్తాం. ఈ ఊళ్లో కంప వేస్తారని నాకేం తెలుసు?

పిచ్చమ్మను అడిగాను. ఇంట్లో ఎవరూ లేరని చెప్పడానికి కంప వేస్తారట. కంప వేసి ఉంటే ఈ ఊళ్లో దొంగ కూడా ఆ గుమ్మం తొక్కడట, ఇంటివాళ్లు తప్ప ఎవరూ దాన్ని తియ్యకూడదట. ఓబమ్మ పగలంతా కొండకు కట్టెలకు పోతుందట. మాలకొండే అలా చెప్పిందట. నువ్వు ఓబమ్మను చూసి ఎన్నాళ్లయిందంటే, పిచ్చమ్మ ఆలోచించి, దసరా ముందు చూసినట్టుందన్నది.

అయితే ఆ ఇంటి ముందు నిలబడ్డప్పుడు నేను విన్న దగ్గు ఎవరిది? కంప వెనక నుంచి వచ్చింది. నా చెవులు బాగానే పనిచేస్తాయి.

ఫిబ్రవరి 14.

కంప వేసిన ఇంట్లో మనిషి. బడిలో నిద్రపోయే పిల్ల. ఇంటికి వస్తానంటే కొరకడం. పైగా ఎన్నికల రోజులు, మద్యనిషేధం ఉన్నా ఊళ్లో సారా వాసన కొడుతూనే ఉంది. ఎక్కడ కాస్తున్నారో ఎవరికీ తెలియదట. నాకు తెలుస్తున్నది. పొద్దంతా దాక్కుని, చీకటి పడ్డాక కాసే మనిషెవడో ఆ ఇంట్లో ఉన్నాడు. ముసలిది కావలి. పిల్ల చేత పొయ్యి ఊదిస్తున్నారు, అందుకే దానికి నిద్ర లేదు. నేను ఆలోచిస్తున్నది పిల్ల కోసమే.

ఫిబ్రవరి 18.

ఇవాళ జరిగింది జరిగినట్టు రాసుకోవాలి. పీరియడు అయిపోయింది, పిల్లలు వెళ్లిపోయారు. మాలకొండి వెళ్లలేదు. గంట కొట్టినా వెళ్లకపోవడం ఇదే మొదటిసారి. తన బొమ్మ తెచ్చి నా మోకాలి మీద పెట్టింది. అదే ఇల్లు. లోపల ముడుచుకున్న మనిషి. మనిషి పక్కన చిన్నపిల్ల, చేతిలో గిన్నె. నా పక్కనే నిలబడింది. ఒంటి మీద బొగ్గు వాసన. పెదవులు కదిపింది.

నేను అడిగేశాను. “ఎవుడే వాడు? సారా కాసేవాడా?”

పిల్ల నన్ను చూసింది. నా మోకాలి మీద నుంచి కాగితం తీసుకోబోయింది, నేను ఇవ్వలేదు. అప్పుడు పరుగెత్తింది. తప్పు లేకపోతే పరుగెందుకు?

ఫిబ్రవరి 19.

రెండు బొమ్మలూ మల్లికార్జునానికి చూపించాను. మొదటిసారి నా మాట ఆసాంతం విన్నాడు. మునసబు దగ్గరికి తీసుకెళ్లాడు. మునసబు బొమ్మను తలకిందులుగా పట్టుకుని చూసి, చిన్నబిడ్డ అబద్ధం గీయదు కదయ్యా అన్నాడు. సోమవారం వెళ్దామన్నారు. ఈ ఊరు వచ్చాక నాకు కుర్చీ వేసిన ఇల్లు ఇదొక్కటే.

ఫిబ్రవరి 21, సోమవారం.

బడి నడిచే వేళ వెళ్లాం. మునసబు, తలారి, మల్లికార్జునం, నేను. వెనక ఎవరు పిలిచారో, పదిమంది పోగయ్యారు. పిచ్చమ్మ కూడా పాలచెంబుతో వచ్చింది. గుమ్మానికి కంప ఉంది. తలారి దాని ముందు ఆగిపోయాడు. ఇంటోళ్లు లేకుండా కంప తియ్యకూడదని పిచ్చమ్మ గొణిగింది. మునసబు కూడా నావైపు చూశాడు. ఊరివాడు ఎవడూ ముట్టడు. నేను ఊరివాణ్ణి కాదు గనక, నేనే కర్రతో లాగేశాను. చేతికి ముళ్లు గుచ్చుకున్నాయి.

సారా లేదు. కాసే కుండ లేదు, పొయ్యిలో నిప్పైనా లేదు. గోడ వారగా ఒక ముసలామె. మమ్మల్ని చూసి కొంగు మొహం మీదకు లాక్కుంది. లాక్కున్న చేతికి వేళ్లు సరిగా లేవు. వెంటనే ఆ చేతులను కాళ్ల మధ్య దాచుకుంది. పక్కన ఒక గిన్నెలో సంగటి ముద్ద, సగం తిన్నది. గుక్కపట్టి దగ్గింది.

పెద్దరోగం అన్నాడు మునసబు, గడపలోంచి వెనక్కి దూకుతూ. జనం అంతా ఒక్కసారి వెనక్కి జరిగారు. నేనూ జరిగాను.

అప్పుడు మాలకొండి వచ్చింది. ఎవరు చెప్పారో, బడి నుంచి పరుగెత్తుకుని వచ్చింది. ఏడవలేదు, అరవలేదు. మమ్మల్ని ఎవరినీ చూడలేదు. నేను లాగిపడేసిన కంపను ఒట్టి చేతులతో పట్టుకుని మళ్లీ గుమ్మానికి అడ్డంగా పెట్టసాగింది. అంతమంది ఎదురుగా, తలుపు తెరిచి అవ్వ కనపడుతుండగా, ఒక్కొక్క కొమ్మా ఎత్తి పెట్టింది. అరచేతులు రక్తం. ఆపడానికి ఎవరికీ చేతులు రాలేదు. నాకూ రాలేదు.

ఫిబ్రవరి 22.

నేను చేసింది ధర్మమే. కుష్టు లాంటి అంటురోగాన్ని దాచకూడదు.

ఫిబ్రవరి 23.

నేను చేసింది ధర్మమే.

ఫిబ్రవరి 24.

కబురంది శీనమ్మ, మస్తానయ్య కోత మధ్యలో వదిలేసి వచ్చారు. ఊరు కూర్చుని తీర్మానించింది, ఓబమ్మ ఊళ్లో ఉండకూడదు. ఇవాళ ఎద్దులబండిలో మిషను వాళ్ల రోగుల ఆసుపత్రికి పంపేశారు. బండి తోలడానికి ఎవరూ రాకపోతే మస్తానయ్యే తోలుకుపోయాడు. తల్లిని కొడుకే తోలుకుపోయాడు. మాలకొండి బండి వెంట పడకుండా శీనమ్మ దాన్ని గట్టిగా పట్టుకుని నిలబడింది.

బండి కనుమరుగయ్యాక శీనమ్మ నా ముందుకు వచ్చింది. తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది.

“పగలు కంప వెయ్యమని అవ్వే నేర్పినాది అయ్యోరా. ఎవురికీ కనపడకుండా ఈ ఇంట్లోనే పోవాలనుకున్నాది. బిడ్డ తెల్లారక ముందే లేసి సంగటి చేసి, తినిపిచ్చి, కంప వేసి బడికి వచ్చేది. మీకు చెప్తానని నాతో అనింది. బొమ్మల అయ్యోరు ఏమీ అడగడు, ఆయనకైతే చెప్పొచ్చని అనింది.”

ఎప్పుడన్నది అని అడిగాను. పోయిన నెల చివర్లో ఒక్కపూట వచ్చి చూసి వెళ్లినప్పుడు అన్నదట. నేను అప్పుడు ఆత్మకూరులో ఉన్నాను. ఉత్తర్వులో చదివి, మీ అయ్యోరు బొమ్మలు నేర్చుకోను పోయినాడు, అడగకుండా కూర్చునే చదువంట అని పిల్లలకు మల్లికార్జునం ఎగతాళిగా చెప్పాడట. ఆ పిల్ల దాన్ని ఎగతాళి అనుకోలేదు.

ఫిబ్రవరి 25.

మాలకొండి పేరు కొట్టేశానని మల్లికార్జునం చెప్పాడు. మిగతా పిల్లల తల్లులు ఒప్పుకోవడం లేదట. బొమ్మల పీరియడు లేదు. నేనే వద్దన్నాను.

ఫిబ్రవరి 27, ఆదివారం. ఆత్మకూరు నుంచి వచ్చి రాస్తున్నాను.

లిదియమ్మను నిలదీయడానికి వెళ్లాను. ఇదంతా ఆవిడ పెట్టిన చదువు వల్లే వచ్చింది. పైగా ఓబమ్మ చేరింది ఎవరి ఆసుపత్రిలో? మిషను వాళ్ల ఆసుపత్రిలో. నేను మొదటి రోజే అనుకున్నది నిజమైంది కదా. దారి పొడుగునా ఈ మాటలే కూడబలుక్కున్నాను. ఆవిడ ఇంటి అరుగు మీద కూర్చోబెట్టి మంచినీళ్లు ఇచ్చింది. అంతా చెప్పాను. మూడో శుక్రవారం పిల్ల నా పక్కన నిలబడ్డ సంగతి కూడా, ఎందుకో, చెప్పాను. అది చెప్పాలని వెళ్లలేదు.

ఆవిడ నా గ్లాసులో మళ్లీ నీళ్లు పోసింది.

“అప్పుడొక్కసారి మీరు నోరు మూసుకోనుంటే చాలు సార్,” అన్నది. “బిడ్డ చెప్పుండును. ఇప్పుడు ఈ రోగానికి మాత్రలుండాయి. మొదట్లోనే తెలిసుంటే ఆయమ్మ ఇల్లు వదిలే పనే లేదు. ఇంట్లోనే మింగొచ్చు.”

నేను చేసింది ధర్మం కాదా అని అడిగాను. ఆవిడ బస్సు వేళ అడిగి తెలుసుకుంది. డాక్టరును తీసుకుని మంగళవారం తానే ఉదయగిరి వస్తానన్నది, పిల్లకు పరీక్ష చేయిస్తానన్నది. అవ్వ తిరిగి వచ్చేది లేనిది డాక్టరు చేతిలో ఉంది, మాట ఇవ్వలేనన్నది. నిలబడి నాకు నమస్కారం పెట్టింది. తిరుగు బస్సులో ఆవిడ మీద అనుమానపడడానికి ఎంత ప్రయత్నించినా కుదరలేదు. ఇంతకాలం దేన్ని పట్టుకుని నిలబడ్డానో అది చేతిలోంచి జారిపోయినట్టుంది.

మార్చి 1.

డాక్టరు వచ్చాడు. పిల్ల ఒంటి మీద మచ్చ కూడా లేదు. మల్లికార్జునంతో ఇవాళ గొడవపడ్డాను, తలుపులు తీసిపెట్టి, ఊరంతా వినేలా. పేరు మళ్లీ ఎక్కించాడు. వేరే చాప మీద కూర్చోబెడతానన్నాడు. ఆ చాప మీద నేనే కూర్చుంటానన్నాను. నవ్వలేదు ఈసారి.

మార్చి 3.

రాలేదు.

మార్చి 4.

రాలేదు. పిల్లలు ఈసారి బొమ్మల పీరియడు కావాలని అడిగారు. కాగితాలు ఇచ్చి ఒక మూల కూర్చున్నాను. ఎవరు ఏం గీశారో చూడలేదు.

మార్చి 8.

సాయంత్రం వాళ్లింటికి వెళ్లాను. కాగితం, బొగ్గు అరుగు మీద పెట్టి, ఒక పక్కగా కూర్చున్నాను. శీనమ్మ చాప వేసింది. మాలకొండి లోపలి నుంచి రాలేదు. చీకటి పడుతుంటే లేచి వచ్చేశాను. దారిలో పిచ్చమ్మ కనిపించి, ఇంకేం కనిపెట్టేదానికి పోయినావు అయ్యోరా అన్నది. తన దారిన తాను వెళ్లింది. ఈ ఊళ్లో నన్నిప్పుడు చూసేది ఇలాగే. బాకీ వసూలుకు వచ్చినవాణ్ణి చూసినట్టు పిల్లల్ని లోపలికి లాక్కుంటారు.

మార్చి 9.

కూర్చున్నాను. రాలేదు.

మార్చి 10.

ఆసుపత్రి నుంచి లిదియమ్మ కబురు పంపింది. ఓబమ్మ మాత్రలు మింగుతోందట, దగ్గు తగ్గిందట. సంగటి అయితేనే తింటానని పేచీ పెడుతోందట. ఎప్పటికి పంపుతారో ఇంకా చెప్పలేరట. ఈ కబురు చెప్పడానికి వెళ్తే శీనమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. మాలకొండి లోపల నుంచి విన్నదనుకుంటాను. గోడ వెనక అలికిడి ఆగిపోయింది.

మార్చి 11, శుక్రవారం.

ఇవాళ వచ్చింది. అరుగు మీద, నాకు దూరంగా, గోడకు వీపు ఆనించి కూర్చుంది. అరచేతుల గాయాలు పక్కు కట్టాయి. కాగితాన్ని ముట్టలేదు. నేను నోరు తెరవలేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక చొక్కా గుండీ తిప్పుతూ కూర్చున్నాను. వీధిలో బండి ఒకటి పోయింది. ఆ పిల్ల దాని వైపు చూడలేదు. నన్నే చూస్తున్నది, నేను పాలు పోయించుకునేటప్పుడు పిచ్చమ్మ చేతిని చూసే చూపుతో. ఎనిమిదేళ్ల పిల్లకు ఆ చూపు నేర్పింది నేనే.

చాలాసేపటికి మాట్లాడింది. గొంతు బొంగురుపోయింది, వాడకపోవడంతో.

“ఇంట్లో ఇంకెవురూ లేరయ్యోరా. ఇంకేం కావాల నీకు?”

ఏమీ అక్కర్లేదని చెప్పవచ్చు. చెప్పలేదు. చెబితే అది కూడా ఒక ఎత్తు అనుకుంటుంది, అనుకోవాలి కూడా. చీకటి పడేదాకా అలాగే కూర్చుని వచ్చేశాను. కాగితం, బొగ్గు అక్కడే వదిలేశాను.

రేపు కూడా వెళ్తాను. నమ్ముతుందా అంటే, ఆ పిల్ల స్థానంలో ఉంటే నేనైతే నమ్మను.